ఒకే కడుపున పుట్టినా థైరాయిడ్ ఒకరికే ఎందుకు?

థైరాయిడ్ పరీక్ష కోసం మా దగ్గరకు వచ్చే కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. "అక్కకు ఉంది, చెల్లికి లేదు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, ఒకే కుండలో అన్నం తిన్నవాళ్లే. మరి ఈమెకే ఎందుకొచ్చిందండీ?" దీని వెనక మరో ప్రశ్న కూడా ఉంటుంది. దాన్ని బయటకు అడగరు. ఇది వంశంలో ఉన్న జబ్బా, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, పెళ్లివారికి తెలిస్తే ఏమవుతుంది అన్నది ఆ ప్రశ్న. అది అడగలేక కొందరు తల్లులు కూతురి మాత్రల సీసాను బీరువాలో బట్టల కింద దాచిపెడుతున్నారు. పెళ్లిచూపులున్న వారం మాత్ర మానిపిస్తున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ సంచికలో మొదటి ప్రశ్నతో పాటు రెండో ప్రశ్నకు కూడా మాకు తెలిసినంత జవాబు చెప్పాలనుకున్నాం.

ముందుగా ఒక చిన్న మాట. "నాకు థైరాయిడ్ వచ్చింది" అని అందరూ అంటుంటారు. థైరాయిడ్ అందరికీ ఉంటుంది. మెడ ముందు భాగంలో, గొంతు ముడికి కొంచెం కింద, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి అది. ఒంట్లో ప్రతి అవయవం ఎంత వేగంతో పనిచేయాలో అది తయారుచేసే హార్మోన్లే నిర్ణయిస్తాయి. హార్మోను తగ్గితే నీరసం, మలబద్ధకం, ఒళ్లు బరువెక్కడం, చలికి తట్టుకోలేకపోవడం, నెలసరి క్రమం తప్పడం కనిపిస్తాయి. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, చెమట, తింటున్నా సన్నబడిపోవడం.

సొంత సైన్యమే తిరగబడితే

ఆహారంలో అయోడిన్ చాలినంత ఉన్నచోట థైరాయిడ్ తగ్గడానికి ముఖ్య కారణం మన రోగ నిరోధక వ్యవస్థే. క్రిములతో పోరాడాల్సిన కణాలు ఈ గ్రంథిని పరాయిదనుకుని దాడి చేస్తాయి. జపాన్ దేశపు శస్త్రచికిత్స వైద్యుడు హకారు హషిమోటో 1912లో నలుగురు స్త్రీల గ్రంథులను సూక్ష్మదర్శినిలో చూసి, తెల్ల రక్తకణాలు వాటి నిండా చేరి ఉన్నాయని రాశాడు. అందుకే దీనికి హషిమోటో వ్యాధి అని పేరు. కారణం తెలియడానికి మాత్రం మరో 44 ఏళ్లు పట్టింది. ఇలాంటి రోగుల రక్తంలో సొంత థైరాయిడ్ మీదే పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయని 1956లో లండన్ వైద్యులు కనిపెట్టారు. ఈ రోజు "యాంటీ టి.పి.ఓ." అని రాసి ఇచ్చే పరీక్ష ఆ కుటుంబానికి చెందినదే.

గ్రేవ్స్ వ్యాధి దీనికి తోబుట్టువు లాంటిది. అక్కడ యాంటీబాడీలు గ్రంథిని నాశనం చేయవు, ఆగకుండా పనిచేయమని తరుముతాయి. దానితో హార్మోను మితిమీరిపోతుంది. ఒకే ఇంట్లో తల్లికి హషిమోటో, కూతురికి గ్రేవ్స్ ఉండటం వింతేమీ కాదు.

మన దేశంలో ఇది ఎంతమందికి ఉంది? హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 100 మందిలో సుమారు 11 మందికి థైరాయిడ్ తక్కువగా ఉంది. యాంటీ టి.పి.ఓ. యాంటీబాడీలు 100కు దాదాపు 22 మందిలో కనిపించాయి. అంటే యాంటీబాడీ ఉన్నవాళ్లు ఎక్కువ, జబ్బు పడినవాళ్లు తక్కువ. ఈ తేడాను గుర్తుంచుకోండి.

కవలలు చెప్పిన సాక్ష్యం

బైబిలులో ఏశావు, యాకోబులు ఒకే కాన్పులో పుట్టారు. అయినా రూపంలో, స్వభావంలో ఒకరికొకరు పోలిక లేదు. అలాంటి కవలల జన్యువులు మామూలు అన్నదమ్ముల జన్యువుల్లాగే సగం సగం కలుస్తాయి. ఒకే అండం రెండుగా చీలి పుట్టిన కవలలు వేరు. వాళ్ల జన్యువులు అచ్చు ఒకటే. జబ్బు మొత్తం జన్యువుల్లోనే ఉంటే అలాంటి కవలల్లో ఒకరికి వచ్చినప్పుడు రెండోవారికి కూడా వచ్చి తీరాలి.

డెన్మార్కు దేశంలో కవలల వివరాలన్నీ ప్రభుత్వం దగ్గర నమోదై ఉంటాయి. వాటి ఆధారంగా అక్కడి వైద్యులు లెక్క తీశారు. ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి గ్రేవ్స్ ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం 100కు 35. వేరువేరు అండాల కవలల్లో అది 100కు 3 మాత్రమే. హషిమోటో వల్ల థైరాయిడ్ తగ్గినవారిలో మొదటి రకం కవలల లెక్క 100కు 55 వచ్చింది.

ఈ అంకెల్లో రెండు సంగతులున్నాయి. జన్యువులకు పెద్ద పాత్ర ఉంది. లేకపోతే 35కీ 3కీ ఇంత తేడా రాదు. అయితే జన్యువులే అంతా కాదు. జన్యువులన్నీ ఒకటే అయినా 100లో 65 మంది తోబుట్టువులు గ్రేవ్స్ బారిన పడలేదు. ఆ మిగిలిన భాగంలో పరిసరాలున్నాయి, యాదృచ్ఛికంగా జరిగేవి ఉన్నాయి, వాటితో పాటు శాస్త్రవేత్తలు ఎపిజెనెటిక్స్ అని పిలిచేది కూడా ఉంది.

కాలువ ఒకటే, తూము తలుపులు వేరు

ఈ మాటను 1942లో బ్రిటన్ శాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ వాడుకలోకి తెచ్చాడు. అర్థం చేసుకోవడానికి మనం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజి దగ్గర వదిలిన నీరు తూర్పు డెల్టా కాలువల్లో పారి మన ఊళ్లకు వస్తుంది. కాలువ ఉన్నంత మాత్రాన పొలం తడవదు. లాకుల దగ్గర లస్కరు తలుపు ఎత్తాలి, మన తూము తెరవాలి. పక్క పొలానికి నీరు పారి మన పొలం ఎండిందంటే కాలువ తవ్వకంలో లోపం ఉండనక్కర్లేదు. తలుపు ఎవరో దించి ఉండవచ్చు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డి.ఎన్.ఏ. ఉంటుంది. అయినా కంటి కణం చూపుకు పనికొస్తుంది, కాలేయ కణం వేరే పని చేస్తుంది. ఏ కణంలో ఏ జన్యువు తెరుచుకోవాలో, ఏది మూసుకోవాలో చెప్పే గుర్తులు డి.ఎన్.ఏ. మీద ఉండటమే కారణం. వాటిలో ఒకటి మిథైల్ గుర్తు. ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు కలిసిన చిన్న ముక్క డి.ఎన్.ఏ.కు అంటుకుంటుంది. జన్యువు మొదట్లో ఇది అంటుకుంటే సాధారణంగా ఆ జన్యువు మూతపడుతుంది. అక్షరాలేవీ మారవు. రెండో రకం గుర్తులు డి.ఎన్.ఏ. చుట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద పడతాయి. దారం కండెకు బిగుతుగా చుట్టుకుంటే లోపలి పోగు అందదు, వదులుగా ఉంటే అందుతుంది. అంతే.

ఈ గుర్తుల్లో కొన్ని తల్లి కడుపులోనే పడతాయి. కొన్ని జీవితాంతం మారుతూ ఉంటాయి. నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల భయంకరమైన ఆకలి వచ్చింది. ఆ కాలంలో కడుపున పడినవాళ్లను అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ల సొంత తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయి. ఇది 2008లో ప్రచురితమైంది. దివిసీమ పెద్దలను వయసు అడిగితే 1977 ఉప్పెనకు ముందా, తర్వాతా అని లెక్క చెబుతారు. మన ఒంట్లో కణాలు కూడా కొన్ని సంగతులను అలాగే గుర్తుపెట్టుకుంటాయి.

థైరాయిడ్‌లో ఇది ఎక్కడ జరుగుతుంది?

రొమ్ము ఎముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. రోగ నిరోధక కణాలకు అది బడి లాంటిది. ఒంట్లోని రకరకాల అవయవాల ప్రొటీన్లను అక్కడ కొద్దికొద్దిగా తయారుచేసి ఆ కణాలకు చూపిస్తారు. "ఇవి మనవే" అని నేర్చుకోలేని కణాన్ని అక్కడే తీసేస్తారు. థైరాయిడ్ ప్రొటీన్లను సరిగ్గా చూపించకపోతే వాటిని పరాయివిగా చూసే కణాలు పరీక్ష తప్పించుకుని బయటపడతాయి.

అమెరికాలో ఒక పరిశోధక బృందం 2014లో సరిగ్గా ఈ సంగతి మీదే ఒక ఆధారం చూపింది. గ్రేవ్స్ వ్యాధిలో యాంటీబాడీలు పట్టుకునే ప్రొటీన్‌కు ఒక జన్యువుంది. అందులో చిన్న తేడాతో పుట్టినవారు కొందరుంటారు. ఆ తేడా ఒక్కటే హాని చేయదు. వైరస్ సోకినప్పుడు శరీరం ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతుంది. ఆ పదార్థం, ఈ తేడా, రెండూ ఒకచోట చేరినప్పుడు డి.ఎన్.ఏ. చుట్టూ ఉన్న గుర్తులు మారి, థైమస్‌లో ఆ ప్రొటీన్ తయారీ తగ్గిపోతుంది. అంటే పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటి, తర్వాత వచ్చిన జ్వరం ఒకటి. ఆ రెండిటినీ కలిపింది తూము తలుపు.

ఆసుపత్రుల్లో కూడా దీనికి పోలిన సంగతి ఒకటి చాలాకాలంగా చూశారు. హెపటైటిస్-సి రోగులకు ఒకప్పుడు నెలల తరబడి ఇంటర్ఫెరాన్ సూదులు ఇచ్చేవారు. వాళ్లలో కొందరికి థైరాయిడ్ జబ్బు వచ్చేది. అందరికీ కాదు, కొందరికే. ఇప్పుడు ఆ సూదుల స్థానంలో మాత్రలు వచ్చాయి.

గ్రేవ్స్ రోగుల రక్తకణాల్లో మిథైల్ గుర్తులు ఆరోగ్యవంతుల్లో ఉన్నట్టు లేవని 2016లో వచ్చిన మరో పరిశోధన చూపింది. అయితే గుర్తులు మారడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల గుర్తులు మారాయా అన్నది అలాంటి పరీక్ష ఒక్కదానితో తేలదు. పత్రికల్లో "కారణం కనిపెట్టేశారు" అన్న శీర్షిక చూసినప్పుడు ఈ ప్రశ్న వేసుకోవడం మంచిది.

ఆడవాళ్లకే ఎక్కువ ఎందుకు?

ఈ జబ్బులు మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఐదు నుంచి పది రెట్లు ఎక్కువ. "పనీపాటా లేక వచ్చింది" అని, "మనసులో పెట్టుకుని కుమిలితే వచ్చింది" అని ఇళ్లలో అనేస్తుంటారు. ఆ మాటలు అనేముందు కింది సంగతి చదవండి.

స్త్రీలకు ఎక్స్ క్రోమోజోములు రెండుంటాయి, పురుషులకు ఒకటే. రెండూ పనిచేస్తే మోతాదు ఎక్కువవుతుంది కాబట్టి ఆడ పిండంలో తొలిరోజుల్లోనే ప్రతి కణంలో ఒక ఎక్స్ మూతపడుతుంది. ఏది మూసుకోవాలన్నది చీటీ తీసినట్టు జరుగుతుంది. ఈ సంగతి 1961లో బ్రిటన్ శాస్త్రవేత్త మేరీ లయన్ చెప్పింది. మామూలుగా తల్లి నుంచి వచ్చిన ఎక్స్, తండ్రి నుంచి వచ్చిన ఎక్స్ సుమారు సగం సగం కణాల్లో పనిచేస్తాయి. కొందరిలో తూకం ఒకవైపు బాగా మొగ్గుతుంది. డెన్మార్కు కవలల్లోనే 2005లో చూస్తే థైరాయిడ్ ఆటో ఇమ్యూన్ జబ్బు ఉన్న స్త్రీలలో సుమారు మూడోవంతు మందిలో ఈ మొగ్గు ఉంది. జబ్బు లేనివారిలో పదిమందికి ఒకరిలో మాత్రమే ఉంది. ఎక్స్‌ను మూసే యంత్రాంగమే రోగ నిరోధక వ్యవస్థను రెచ్చగొట్టగలదని 2024లో ఎలుకల మీద చేసిన ప్రయోగం కూడా ఒకటి వచ్చింది. అంటే తల్లి కడుపులో తొలిరోజుల్లో పడిన చీటీకి ఆ అమ్మాయినీ, ఆమె స్వభావాన్నీ బాధ్యులను చేస్తున్నాం.

మనవాళ్లు ఇద్దరు

మిథైల్ గుర్తులు గాలిలోంచి ఊడిపడవు. వాటి తయారీకి శరీరానికి ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిన్ కావాలి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా బృందానికి నాయకత్వం వహించింది 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకు మేం రాసిచ్చే చిన్న మాత్ర వెనక ఆయన శ్రమ ఉంది. తోటకూర, పాలకూర, పప్పుధాన్యాల్లో ఫోలేట్ ఉంటుంది. చేపలు, గుడ్లు, పాలలో బి-12 ఉంటుంది. హషిమోటో ఉన్నవారిలో బి-12ను పేగు పీల్చుకోలేని ఒక రకం రక్తహీనత ఇతరుల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. కనుక మాత్ర సరిగ్గా వాడుతున్నా నీరసం, అరికాళ్ల తిమ్మిరి తగ్గకపోతే ఆ పరీక్ష గురించి అడగండి.

అంతమాత్రాన ఫోలిక్ మాత్రలు మింగితే థైరాయిడ్ యాంటీబాడీలు పోతాయని అనుకోవద్దు. "జన్యువుల స్విచ్ మారుస్తాం" అంటూ పొడులు, చుక్కలు అమ్మేవాళ్లు బయలుదేరారు. అలా మార్చి థైరాయిడ్ జబ్బును నయం చేసే మందు ఏదీ నేటివరకు నిరూపణ కాలేదు.

రెండోవారు 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. హిమాలయాల పక్కన కాంగ్రా లోయలో ఊళ్లకు ఊళ్లే గొంతు వాపుతో బాధపడుతుంటే, ఉప్పులో అయోడిన్ కలిపితే అది తగ్గుతుందని 1956లో మొదలుపెట్టిన అధ్యయనంలో ఆయన బృందం చూపించింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం వచ్చింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని 2006లో కేంద్రం దేశమంతటా నిషేధం పెట్టింది.

ఇక్కడ ఒక చిక్కుంది. అయోడిన్ మరీ ఎక్కువైనా ఆటో ఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు పెరుగుతుంది. చైనాలో మూడు ప్రాంతాలను పోల్చి 2006లో ఈ సంగతి చూపారు. అది విని కొందరు గళ్ల ఉప్పుకు, సైంధవ లవణానికి మారిపోతున్నారు. దయచేసి అలా చేయవద్దు. ఇంట్లో కోడలు గర్భంతో ఉంటే ఆ బిడ్డ మెదడుకు అయోడిన్ కావాలి. మామూలు అయోడిన్ ఉప్పు మితంగా వాడండి. వైద్యులు చెప్పకుండా అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు మాత్రం వాడకండి.

పొగాకు సంగతి మరింత స్పష్టం. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారి డి.ఎన్.ఏ. మీద పడే గుర్తులను రక్తపరీక్షలో చూడవచ్చు. మానేశాక వాటిలో చాలావరకు కొన్నేళ్లలో చెరిగిపోతాయి. గ్రేవ్స్ రోగి పొగ తాగితే కళ్లు ముందుకు పొడుచుకురావడం, చూపు చెడటం ఎక్కువవుతుంది. భార్యకు గ్రేవ్స్ ఉంటే భర్త ఇంట్లో పొగ తాగడం మానాలి. ఇది మేం గట్టిగా చెబుతాం.

పెళ్లివారికి ఏం చెప్పాలి?

"మేనరికం వల్ల వచ్చిందా?" అని అడుగుతారు. హషిమోటో, గ్రేవ్స్ ఒకే ఒక్క జన్యువు లోపంతో వచ్చేవి కావు. ఎన్నో జన్యువుల్లో తలా కొంచెం బలహీనత, పైన చెప్పిన మిగతా కారణాలు కలిస్తే వస్తాయి. పుట్టుకతోనే హార్మోను తయారుచేయలేని పసిబిడ్డల జబ్బు వేరు. దానిలో కొన్ని రకాలకు మేనరికంతో సంబంధం ఉంది.

తల్లికి ఉంటే కూతురికి అవకాశం మిగతావారికంటే ఎక్కువ, నిజమే. అయినా అవకాశం వేరు, జబ్బు వేరు. ఇంగ్లండులో 20 ఏళ్లపాటు ఒకే ఊరి ప్రజలను గమనించినప్పుడు యాంటీబాడీలు మాత్రమే ఉన్న స్త్రీలలో ఏటా 100కు ఇద్దరికి, యాంటీబాడీలతో పాటు టి.ఎస్.హెచ్. కూడా పెరిగి ఉన్నవారిలో ఏటా 100కు నలుగురికి థైరాయిడ్ తగ్గింది. కాబట్టి యాంటీబాడీ కనిపించి టి.ఎస్.హెచ్. సరిగా ఉన్న అమ్మాయికి సాధారణంగా మందు అవసరం లేదు. ఏడాదికోసారి పరీక్ష చాలు.

పెళ్లివారికి దాచవద్దన్నదే మా సలహా. హార్మోను సరిగ్గా సరిచేసుకుంటున్న అమ్మాయి చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, బిడ్డలను కనవచ్చు. దాచితే జరిగేది ఒకటే. కొత్త ఇంట్లో అత్తగారి ఎదుట మాత్ర వేసుకోలేక మానేస్తుంది. అదే సమయంలో గర్భం వస్తుంది.

గర్భంలో బిడ్డ థైరాయిడ్ మూడో నెల దాటేదాకా హార్మోను తయారుచేయదు. అప్పటివరకు పూర్తిగా తల్లి హార్మోను మీదే ఆధారం. మాత్ర మానేస్తే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతాయి, బిడ్డ మెదడు ఎదుగుదలకూ హాని. నెల తప్పిందని తెలిసిన వెంటనే రండి, స్కానింగు దాకా ఆగకండి. చాలామందికి మోతాదు పావు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. గ్రేవ్స్‌కు కార్బిమజోల్ వాడుతున్నవారు గర్భం కావాలనుకున్నప్పుడే మాతో మాట్లాడండి, ఎందుకంటే తొలి నెలల్లో మందు మార్చాల్సి రావచ్చు. ఆ మందు వాడుతుండగా జ్వరం, గొంతు నొప్పి వస్తే ఆ రోజే మాత్ర ఆపి తెల్ల కణాల లెక్క చూపించుకోవాలి.

థైరాక్సిన్ మాత్ర వేసుకునే పద్ధతి చాలామందికి తెలుసు, కానీ పాటించేవారు తక్కువ. పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు కాఫీ కూడా తాగకూడదు. గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అన్నీ ఒకే గుక్కలో మింగితే థైరాక్సిన్ ఒంటికి సరిగా పట్టదు.

కాన్పయ్యాక ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ మొదట ఎక్కువై తర్వాత తగ్గిపోతుంది. యాంటీబాడీలు ముందే ఉన్నవారిలో ఇది ఎక్కువ. బాలింత నీరసంగా ఉన్నా, ఊరికే ఏడుస్తున్నా "పిల్ల ఏడుపుకు నిద్రలేక" అని సరిపెట్టుకోకుండా ఒకసారి టి.ఎస్.హెచ్. చేయించండి. పుట్టిన బిడ్డకు మూడు నుంచి ఐదు రోజుల మధ్య మడమ దగ్గర గుచ్చి తీసిన చుక్క రక్తంతో థైరాయిడ్ పరీక్ష చేయవచ్చు. తల్లికి జబ్బు ఉన్నా, లేకపోయినా ఆ పరీక్ష కావాలని అడగండి.